‘కూరుకుపోయారు’ అనే ముందు

సంపాదకులకు నమస్కారం.

జిల్లా ఎడిషన్లలో ‘వివాదంలో కూరుకుపోయిన’, ‘వివాదంలో ఇరుక్కున్న’ అనే మాటలు ఈమధ్య దాదాపు రోజూ కనబడుతున్నాయి. వీటిలో చాలా భాగం ఇంగ్లిష్ వార్తల్లోని ‘ఎంబ్రాయిల్డ్’కు (embroiled, అంటే తగాదాలో చిక్కుకున్న) తెలుగు అని, ముప్పై ఏళ్లకు పైగా ఇంగ్లిష్ పాఠం చెప్పిన నాకు చదవగానే తెలిసిపోతుంది. తప్పు ఎవరిదో ఆ ఇంగ్లిష్ మాట చెప్పదు. మనం పెడుతున్న తెలుగు మాటలు మాత్రం చెప్పేస్తున్నాయి.

మా అపార్ట్‌మెంటులో బోరు నీటి విషయమై రెండు వర్గాల మధ్య తగాదా వచ్చి పోలీసు స్టేషను దాకా వెళ్లింది. అసోసియేషన్ కార్యదర్శి ఏ పక్షమూ కాదు. మోటారు గది తాళం ఆయన దగ్గర ఉంటుంది గనుక ఇరువైపులవారూ ఫిర్యాదులో ఆయన పేరు రాశారు. ఒక ఇంగ్లిష్ పత్రిక ఆయన తగాదాలో ‘ఎంబ్రాయిల్’ అయ్యారని రాసింది, అది నిజమే. మర్నాడు ఒక తెలుగు పత్రికలో అదే సంగతి ‘నీటి వివాదంలో కూరుకుపోయిన కార్యదర్శి’ అన్న శీర్షికతో వచ్చింది. పొద్దున్నే అనకాపల్లి నుంచి ఆయన వియ్యంకుడు ఫోన్ చేసి, ‘లెక్కల్లో ఏమైనా తేడా వచ్చిందా, బావగారూ?’ అని అడిగారట. ఆ సాయంత్రం ఆయన పత్రిక మడిచి పట్టుకుని మా ఇంటికి వచ్చి, ‘ఇంగ్లిష్‌లో కూడా ఇలాగే ఉందా, మాస్టారూ?’ అన్నారు. లేదని చెప్పాను.

‘ఎంబ్రాయిల్’ అనే ఈ క్రియ 17వ శతాబ్దం తొలినాళ్లలో ఫ్రెంచి నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చింది. కలగాపులగం చేయడం, చిక్కు పెట్టడం దాని మూలార్థం. వంటకు సంబంధించిన ‘బ్రాయిల్’ వేరు. అది కాల్చడం అనే మరో ఫ్రెంచి మాట నుంచి పుట్టింది. ‘ఎంబ్రాయిల్’ అనాలంటే తగాదా, వ్యాజ్యం, యుద్ధం వంటి సంఘర్షణ ఏదో ఉండాలి. మనిషి అందులోకి తానుగా దిగినా, ఎవరో లాగినా ఆ మాటే సరిపోతుంది. నేరంలో పాత్ర ఉందని చూపదలిస్తే ఇంగ్లిష్‌వారికి ‘ఇంప్లికేట్’ అనే వేరే మాట ఉంది.

తెలుగులో కూరుకుపోయేది ఊబిలో, అప్పుల్లో. ఆ మాట వినగానే ఇక పైకి రాలేడన్న భావం కలుగుతుంది. ‘ఇరుక్కున్నాడు’ అంటే చేసిన పనికి దొరికిపోయాడన్న ధ్వని వస్తుంది. ‘ఇరికించారు’ అంటే అతను నిర్దోషి అని మనమే తీర్పు ఇచ్చినట్టు. ‘చిక్కు’ అనే మాటకు ఈ దోషం లేదు. పెదజాలరిపేట ఒడ్డున కూర్చుని వల విప్పుకునేవారు ‘చిక్కు పడింది’ అంటారు. అందులో వల మీదా నింద లేదు, తాడు మీదా లేదు. మరొకటి, ఇంటింటా వినే మాట: ‘మీ గొడవలోకి నన్నెందుకు లాగుతారు?’ ఇంత సూటిగా ఆ క్రియను పట్టి ఇచ్చే తెలుగు నాకు తెలిసి ఇంకొకటి లేదు.

ఈ లాగడం మన ఊరికీ జరిగింది. 1939 సెప్టెంబరులో ఇక్కడి నాయకులను సంప్రదించకుండానే వైస్రాయి లిన్‌లిత్‌గో భారతదేశం యుద్ధంలో ఉన్నదని ప్రకటించారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. ఆనాడు రేవులో మూటలు మోసుకుంటున్న కూలీలు యుద్ధంలో ‘ఇరుక్కున్నారు’ అని రాస్తే ఎంత అన్యాయంగా ఉంటుందో చూడండి. వారిని యుద్ధంలోకి లాగారు. లాగినవారెవరో కూడా తెలుసు.

కాబట్టి మీ డెస్కులో పనిచేసే మిత్రులకు నా విన్నపం ఇది. ఎవరు లాగారో తెలిస్తే ‘లాగారు’ అని, తెలియకపోతే ‘చిక్కుకున్నారు’ అని రాయండి. ‘ఇరికించారు’ అన్నది బాధితుడి ఆరోపణ అయినప్పుడు ఆయన నోటి మాటగానే ఉంచండి. ఫిర్యాదులో పేరు మాత్రమే ఉన్నప్పుడు పేరు ఉందని చెబితే చాలు. మా కార్యదర్శిగారి వార్తకు ‘నీటి తగాదాలో కార్యదర్శి పేరు’ అని శీర్షిక పెట్టి ఉంటే, అనకాపల్లి నుంచి ఆ ఫోను వచ్చేది కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం