మిరుగు దాకా ఉంటే బాగుండేది

ఎడిటర్ గారికి,

సెలవుల్లో పిల్లలను ఎక్కడికి తీసుకెళ్లాలో మీ పేపర్లో చదివాను. మా దేవరకొండ వైపు పల్లెలు అందులో లేవు, ఉండవు కూడా. మా మనవళ్లిద్దరూ హైదరాబాద్ నుంచి వచ్చి రోహిణి కార్తెలో 10 రోజులున్నారు. మొదటి రెండు రోజులు ఏసీ లేదని ఏడుపే. మూడో రోజు గౌడన్న తాటి గెలలు దించాడు. ముంజలోకి బొటనవేలు దింపి జుర్రడం చిన్నోడికి రాలేదు, నీళ్లన్నీ చొక్కా మీదే. ఖాళీ బుర్రలు రెండు, మధ్యలో పుల్ల, తోయడానికి పంగ కర్ర. బండి తయారు! ఇక సెల్‌ఫోన్ ఊసే లేదు (నాకూ మధ్యాహ్నం కునుకు దొరికింది). వాళ్ల బాపమ్మ మామిడికాయ తొక్కు కలిపిన బేసిన్లోనే వేడన్నం వేసి, అడుగున మిగిలిన కారంతో ముద్దలు పెట్టింది. కళ్లలో నీళ్లు కారుతున్నా ఇంకో ముద్ద అన్నారు. రాత్రిళ్లు వాకిట్లో నులక మంచాలు, మంచం కోసం కొట్లాట.

బడి ముందే తెరుస్తున్నారని మిరుగుకు (మృగశిర కార్తెకు) మూడు రోజుల ముందే వెళ్లిపోయారు. జూన్ 8న, మిరుగు నాడు తినాల్సిన చేపల పులుసు మేమిద్దరమే తిన్నాం. తాటిబుర్రల బండి ఇంకా అరుగు మీదే ఉంది.

– ఒక రిటైర్డ్ టీచర్, దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా