దండలు సరే, ఉద్యోగం ఇస్తారా?

ఎడిటర్ గారికి,

ఆగస్టు 29 వచ్చిందంటే మా శ్రీకాకుళంలో గిడుగు రామమూర్తి పంతులు గారి ఫొటోకి దండలే దండలు. వాడుక భాష కోసం ఆయన పడ్డ పాట్లు ప్రతి వక్తా చెబుతాడు. ఆయన చెవుడు సంగతి మాత్రం ఎవరో ఒకరు, 'అంత కష్టంలోనూ' అని ఓ ముక్క అనేసి దాటిపోతారు. నాకు ఆ ముక్క దగ్గరే కాసేపు ఆగాలనిపిస్తుంది. ఎందుకంటే నాకూ వినికిడి తక్కువ, రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుని ఒక ప్రైవేటు ఆఫీసులో అకౌంట్స్ చూస్తుంటాను.

పంతులు గారిది వంశధార ఒడ్డున పర్వతాలపేట. 1880లో పర్లాకిమిడిలో నెలకి 30 రూపాయల జీతానికి మాస్టారుగా చేరారు. కొండల్లో ఉండే సవర గిరిజనుల మాట నేర్చుకోవాలని, తెలుగూ సవరా రెండూ వచ్చిన సవర మనిషిని ఇంట్లోనే పెట్టుకున్నారు, కొండలెక్కి తిరిగారు, అక్కడ పట్టుకున్న మలేరియాకి క్వినైన్ మింగితే అది చెవుల మీదికొచ్చింది. ఆయన రాసిన సవర వ్యాకరణాన్ని మద్రాసు ప్రభుత్వం 1931లో అచ్చేసింది, నిఘంటువు 1938లో వచ్చింది. మాట్లాడేవాళ్ల నోట్లో తప్ప కాగితం మీద ఎక్కడా దొరకని భాషని, వినికిడి పోయిన మనిషి పుస్తకంలోకి ఎక్కించాడన్న మాట. అదే మనిషి ఇవాళ మా ఊళ్లో ఏదైనా ఇంటర్వ్యూకి వెళ్తే మొదటి ప్రశ్న ఏమిటో నాకు బాగా తెలుసు, నన్నూ అదే అడిగారు కాబట్టి: "ఫోన్లు ఎత్తగలరా?"

పక్కనే విజయనగరం. ద్వారం వెంకటస్వామినాయుడు గారికి చిన్నప్పటి నుంచీ చూపు మందం, దాంతో బడి చదువు సాగలేదు, అన్నగారి దగ్గర వయొలిన్ పట్టారు. 1919లో మహారాజా వారి సంగీత కళాశాలలో చేరదామని వచ్చిన కుర్రాడి వాయిద్యం విని, విద్యార్థిగా కాదు, ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారని చెబుతారు. అప్పటికి ఆయనకి 26 ఏళ్లు. ఆదిభట్ల నారాయణదాసు గారి తర్వాత 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. ఇంకో సంగతి, అసలు ఆ కళాశాల పుట్టిందే దివాణం ఉద్యోగి ఒకరి కొడుకు, చూపులేని పిల్లవాడు, సంగీతం నేర్చుకోవాలని అంటారు.

ఈ కథల్ని మనం 'పట్టుదల ఉంటే సాధించలేనిది లేదు' అని చెప్పి చప్పట్లు కొట్టించుకుంటాం. డిసెంబర్ 3న దివ్యాంగుల దినోత్సవం సభల్లోనూ ఇదే పాట. పట్టుదల లేదని నేననను. కానీ ద్వారం వారి కళ్లు చూడకుండా వయొలిన్ విని ఉద్యోగం ఇచ్చినవాళ్లు ఉన్నారు కదా, వాళ్ల గురించి ఒక్క మాటైనా ఎందుకు రాదు? అంతా ఆ మనిషి పట్టుదల లెక్కలో వేసేస్తే ఆఫీసులకి హాయి, అవి మారక్కర్లేదు.

మా ఆఫీసు మాటే చెబుతాను. చాలాకాలం నా సీటు జనరేటర్ వైపు కిటికీ పక్కన ఉండేది. నా మిషన్‌కి మనిషి గొంతూ జనరేటర్ మోతా ఒకటే, రెండూ కలిపి పెంచి చెవిలో పోస్తుంది. అప్పటి మేనేజర్ కంప్యూటర్‌లోకి చూస్తూ మాట్లాడేవారు, పెదాలు కనపడవు, రెండోసారి అడిగితే విసుగు. మీటింగ్ అంటేనే టెన్షన్. తర్వాత వచ్చినావిడ నా టేబుల్‌ని గోడ వైపు జరిపించి, అందరి మొహాలూ కనపడేలా వేయించారు. మీటింగ్‌లో అనుకున్న అంకెలు, తేదీలు సాయంత్రం వాట్సాప్‌లో పెట్టమన్నారు. పైసా ఖర్చు కాలేదు. పైగా ఆ మెసేజ్‌లు ఇప్పుడు బాగా వినపడేవాళ్లకే ఎక్కువ అవసరమవుతున్నాయి, మీటింగ్‌లో ఎవరు వింటారు చెప్పండి!

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం అడుగుతున్నది ఇలాంటి సర్దుబాట్లే. ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ గురించి అందరికీ తెలుసు. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని, హోదా తగ్గించకూడదని కూడా అందులోనే ఉంది, పంతులు గారిలాగా మధ్యలో చెవులు పోగొట్టుకున్నవాళ్లకి ఇది ప్రాణం లాంటి మాట. ప్రతి ప్రభుత్వ సంస్థలో మా ఫిర్యాదులు వినడానికి ఒక అధికారి ఉండాలి. ప్రైవేటు సంస్థలు కూడా సమాన అవకాశాల విధానం ప్రకటించాలి. నేను పనిచేసిన ఏ ఆఫీసు గోడ మీదా అలాంటి కాగితం చూడలేదు. ర్యాంపులు మాత్రం కట్టారు, బైకులు పార్క్ చేసుకోవడానికి బాగున్నాయి.

వైకల్యం సర్టిఫికెట్లు ఇచ్చే ప్రభుత్వ సదరం క్యాంపు సంగతి చెప్పకపోతే ఈ ఉత్తరం రాసి ప్రయోజనం లేదు. చెవిటితనం సర్టిఫికెట్ కోసం వచ్చి కూర్చున్నవాళ్లని అటెండర్ తలుపు దగ్గర నిలబడి పేరు పెట్టి కేకేస్తాడు. వినపడక లేవకపోతే తర్వాతివాళ్లని పిలుస్తాడు, చివర్లో మనమే వెళ్లి అడిగితే "ఏటమ్మా, పిలిస్తే పలకవేటి?" అని కోప్పడతాడు. అతణ్ని తప్పుపట్టి లాభం లేదు, అతని చేతికి ఇచ్చింది పేర్ల జాబితా మాత్రమే.

బ్యాంకులో ఉండే ఎర్ర అంకెల టోకెన్ బోర్డు ఒకటి ఆ గది ముందు పెట్టించమని శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కలెక్టర్లనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అది కుదిరేదాకా పలక మీద నంబరు రాసి చూపించినా చాలు. అలాగే ప్రతి ఆఫీసులో ఆ ఫిర్యాదుల అధికారి ఎవరో, ఏ గదిలో కూర్చుంటారో బయట బోర్డు మీద రాయించాలి. ఫోన్ నంబరు ఒక్కటే రాసి వదిలేయొద్దు, మెసేజ్ పెట్టే వీలు కూడా ఉండాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు, శ్రీకాకుళం