శుక్రవారం కూడికకు ముందు

అందరికీ వందనాలు. ఈసారి కష్టాల్లో విశ్వాసం గురించి కదా, మన ఒంగోలు సంగతి ఒకటి చెబుతాను. 1876–78 కరువులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్లకు కూలిపని ఇచ్చారు. అడిగినవాళ్లు ఎందరున్నా ఆ రోజుల్లో బాప్తిస్మాలు మాత్రం ఆపేశారు, తిండి కోసం చేరారన్న మాట రాకూడదని. పనులు ముగిశాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మనం ఆ అంకె చెప్పుకుని మురిసిపోతాం గానీ, నాకైతే ఆపి ఉంచిన ఆ నెలలే గొప్పగా అనిపిస్తాయి. కూలీ ఇచ్చారు, షరతు పెట్టలేదు.

బైబిల్లో యాకోబు పత్రిక 2వ అధ్యాయం చదివి రండి. ఉద్యోగం, ఆసుపత్రి టెన్షన్‌లో ఉన్నవాళ్లు మొహమాటపడకండి. ప్రార్థనే కాదు, బియ్యం, మందులు కావాలన్నా నాకు విడిగా మెసేజ్ పెట్టండి.