పాత తుపాకులకు ఛాంబర్ పొడిగించే పని మానేస్తున్నాం

పాత డబుల్ బ్యారెల్ తుపాకులకు ఛాంబర్ (గొట్టం వెనుక చివర తూటా కూర్చునే గది) పొడిగించే పని ఇక తీసుకోం. రీమర్ (రంధ్రాన్ని లోపల గీకి పెద్దది చేసే పనిముట్టు) పెట్టి తిప్పితే అయిపోయే పని, డబ్బులూ బాగానే వస్తాయి. అయినా ఎందుకు వదులుకుంటున్నామో చెప్పాలి.

అడిగేవాళ్ళ మాట దాదాపు ఒకటే: "ఛాంబర్ 2½ అంగుళాలే. 2¾ తూటా కూడా దూరుతోంది కదా, ఆ కాస్తా సాపు చేసి ఇవ్వండి." దూరుతుంది, నిజమే. తూటా మీద రాసే పొడవు పేలాక మూతి విప్పుకున్న ఖోళిది, అంటే తూటా పై తొడుగుది. మూతి మడిచి ఉన్నంతసేపూ అది పొట్టిగానే ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకునే చోటు లేక ఛాంబర్ ముందున్న ఇరుకు భాగంలోకి పొడుచుకువస్తుంది. తూటాలోని గుండ్ల దారి ఇంకా ఇరుకై ఒత్తిడి పెరుగుతుంది.

పొడిగిస్తే ఆ ఇరుకు పోతుంది, అంతే. లోహం మాత్రం ఒత్తిడి ఇంకా బలంగా ఉండే చోట, గొట్టం గోడ పలచబడుతూ వచ్చే చోట పోతుంది. పాత గొట్టాలను తుప్పు వదిలించడానికని ఎవరెవరు ఎన్నిసార్లు లోపల అరగదీశారో! పైగా ఆ తుపాకి పరీక్షకు నిలిచింది పొట్టి తూటా ఒత్తిడికి. రీమర్ తిప్పినంత మాత్రాన లాకు, కీలు బలపడవు. బ్రిటన్‌లోనైతే ఛాంబర్ పొడిగిస్తే పాత ప్రూఫ్ (గొట్టం బలం పరీక్షించి వేసే అధికారిక ముద్ర) చెల్లదు. లండన్‌లోనో బర్మింగ్‌హామ్‌లోనో ప్రూఫ్ హౌస్‌కు మళ్ళీ పంపాల్సిందే. అమెరికాలో అలాంటి తప్పనిసరి పరీక్ష లేదు, భారమంతా పని చేసినవాడిదే.

డమాస్కస్ గొట్టాల సంగతి అడగనే వద్దు. ఇనుము, ఉక్కు పట్టీలు మెలితిప్పి అతికినవి. అతుకుల్లో ఏముందో పైకి కనపడదు.

పంపు (ముందు పిడి లాగి మళ్ళీ నింపేవి), ఆటో (తమంతట తామే నింపుకునేవి) తుపాకులకూ ఈ పని చేయం. ఛాంబర్ పెరిగినా ఖోళి బయటపడే కిటికీ పెరగదు. 3½ అంగుళాల మాటైతే అసలే కుదరదు: అమెరికా తుపాకి, తూటా తయారీదార్ల సంస్థ సామి ప్రమాణంలో ట్వెల్వ్ బోర్ 2¾, 3 అంగుళాల తూటాల ఒత్తిడి హద్దు 11,500 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 3½కి 14,000.

అడ్వాన్స్ ఇచ్చినవాళ్ళకు మొత్తం తిరిగిస్తాం. ఛాంబర్ పొడవు, గోడ మందం కొలిచి, ఆ తుపాకికి తగిన పొట్టి, తక్కువ ఒత్తిడి తూటాలేవో చెప్పే పని ఎప్పటిలాగే ఉంటుంది. పాత తుపాకి కొన్నవాళ్ళు ముందు ఇది చేయించుకోండి. గొట్టం మీది ప్రూఫ్ ముద్ర 65 మి.మీ. (2½ అంగుళాల ఛాంబర్) అని ఉండి ఛాంబర్ 70 (2¾) కొలత చూపిస్తే ఎవరో ముందే పొడిగించారన్నమాట. మళ్ళీ పరీక్ష చేసిన ముద్ర కనపడకపోతే దాన్ని పేల్చకండి, మా దగ్గరికి తీసుకురండి.