నవ్వడం తప్పా అని అడిగావు

విజయనగరం

చి. బుజ్జికి,

నాన్న ఆశీస్సులు. ఆదివారం ఫోన్లో నీ గొంతు తేడాగా ఉంటే జ్వరమేమో అనుకున్నాం. మీ పుస్తకాల గ్రూపులో గురజాడ 'కన్యాశుల్కం' నాటకం మీద వాదన జరిగిందని తెలిసి మీ అమ్మ హమ్మయ్య అనుకుంది. నన్ను మాత్రం నువ్వు చివర్లో అన్న మాట వదల్లేదు. "పడీ పడీ నవ్వాను నాన్నా. అక్కడందరూ అంత సీరియస్‌గా మాట్లాడుతుంటే నవ్వొచ్చిందని చెప్పడానికి సిగ్గేసింది. నవ్వడం తప్పా?" అన్నావు. అప్పటికి ఏదో చెప్పి దాటేశాను.

మీవాళ్ళు అన్నవేవీ కొత్త మాటలు కావు. గిరీశం లాంటి మోసగాణ్ణి నెత్తిన పెట్టుకున్నారని ఒకరు, పిల్ల తండ్రికి డబ్బిచ్చి పెళ్ళాడే ఆ ఆచారమే పోయాక ఇప్పుడు చదవడమెందుకని ఇంకొకరు. నాటకం మొదట ఆడింది 1892లో, మన ఊళ్ళోనే. అప్పట్నుంచీ తగువు నడుస్తూనే ఉంది. అంతెందుకు, రాసినాయనకే తృప్తి కలగలేదు. 1897లో అచ్చయినదాన్ని గురజాడ బాగా పెంచి, మార్చి, 1909లో మళ్ళీ అచ్చు వేయించారు. మనం చదివేది ఆ రెండోదే. వేశ్య మధురవాణికి అంత పెద్దపీట పడింది కూడా అందులోనే. మీ అమ్మ అభిప్రాయం నీకు తెలుసుగా, "అంతమందిలో బుర్ర ఉన్నది దానికొక్కదానికే." అంతకుమించి ఒక్క ముక్క చెప్పదు. ఏడాదికోసారి మాత్రం ఆ పుస్తకం తీస్తుంది.

నాకు పుస్తకం కంటే ముందు సినిమా తెలుసు. 1955లో వచ్చింది, మా పల్లెకి టూరింగ్ టాకీసులో చేరేసరికి నేను ఏడో తరగతి. రామారావు గిరీశం, సావిత్రి మధురవాణి, షావుకారు జానకి బాలవితంతువు బుచ్చమ్మ. ఇంటిల్లిపాదీ బయల్దేరితే మా నాన్నగారి మేనత్త కూడా వస్తానంది. మేం పెద్దత్త అనేవాళ్ళం. ఎనిమిదో ఏట పెళ్ళి, పదకొండో ఏట భర్త పోయాడు. ఆ తర్వాత అరవై ఏళ్ళపైన మా ఇంట్లోనే, తెల్లచీర ముసుగు కింద గడిపింది. రాముడో కృష్ణుడో ఉన్న సినిమాలు తప్ప చూసేది కాదు. ఆ రోజెందుకు వచ్చిందో మరి.

గోవిందరాజుల సుబ్బారావు లుబ్ధావధాన్లు. ఆ ముసలాడికి ఆడవేషం వేసిన కుర్రాణ్ణిచ్చి పెళ్ళి చేస్తుంటే నేలటికెట్టు జనం దొర్లి దొర్లి నవ్వారు. నేనూ అంతే, నాకు పొలమారింది కూడా. పెద్దత్త చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. నవ్వుతోందనే అనుకున్నాను. తిరిగొచ్చేటప్పుడు లాంతరు నా చేతిలో ఉంది. సగం దారిలో ఆవిడ అంది, "మా ఆయన మరీ అంత ముసలాడు కాదురా. నలభయ్యే."

నేను దానికీ నవ్వాను బుజ్జీ.

ఆ మాట సంగతి నాకు డిగ్రీలో గానీ తెలీలేదు. పరీక్ష కోసం నాటకం చదువుతూ, గురజాడ ఇంగ్లీషులో రాసిన తొలి ముందుమాట తిరగేశాను. అప్పటి విజయనగరం మహారాజు ఆనందగజపతి విశాఖ జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళలో మూడేళ్ళలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళకి లెక్క తీయించారట. డబ్బు తీసుకున్నామని ఒప్పుకోవడానికి వెనకాడేవాళ్ళే ఎక్కువైనా 1034 పెళ్ళిళ్ళు తేలాయి. ఐదేళ్ళ పిల్లలు 99 మంది, మూడేళ్ళవాళ్ళు 36. ఏడాది పసికందులు ముగ్గురు, ఒక్కొక్కరి ధర 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా ఒక్కోసారి బేరం కుదిరేదని రాశారు. అప్పటిదాకా ఇదంతా నవ్వించడానికి పెంచి రాశారేమో అనుకునేవాణ్ణి. ఆ లెక్క పక్కన పెట్టి చూస్తే తగ్గించే రాసినట్టుంది. అప్పటికి పెద్దత్త పోయి రెండేళ్ళు.

మొన్న సంక్రాంతికి మళ్ళీ చదివాను. గిరీశం బుచ్చమ్మని మాటల్తో బుట్టలో వేసుకునే చోట ఈసారి నవ్వు రాలేదు. చదువుకునే రోజుల్లో ఆ గిరీశం మాటలే హాస్టల్లో అందరికీ అభినయించి చూపించేవాణ్ణి. ఇప్పుడు కూతురున్నవాణ్ణి కదా. అయినా రెండు పేజీలు తిప్పేసరికి మళ్ళీ నవ్వించాడు వెధవ.

కాబట్టి వచ్చే నెల మీ గ్రూపు కలిసినప్పుడు, నవ్వొచ్చిందని చెప్పు. ఎక్కడ వచ్చిందో పేజీ తీసి చదివి వినిపించు. గిరీశం మీద మండిపడిన ఆ అమ్మాయిని కూడా ఏ మాట దగ్గర ఒళ్ళు మండిందో అడుగు. మా పెద్దత్తని సినిమా ఎలా ఉందని మా ఇంట్లో ఎవ్వరం అడగలేదు.

నా కాపీ స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. అట్ట ఊడిపోయింది, దారంతో కట్టాను. ఆ లెక్కలున్న చోట పెన్సిలు గీత నాది, మధురవాణి పేజీల మీద పసుపు మరకలు మీ అమ్మవి. నీకెక్కడ నవ్వొచ్చిందో అక్కడ గుర్తు పెట్టి ఉగాదికి తీసుకురా.

పచ్చడి సీసా అయిపోతే చెప్పు, దాంతోపాటే పంపేస్తుందట అమ్మ.

ఇట్లు,
నాన్న