పీహెచ్ ‘స్వల్పంగా’ తగ్గిందంటే ఎంత?

సంపాదకులకు నమస్కారం.

ఒక జలాశయంలో నీటి పీహెచ్ (ఆమ్లత్వాన్ని తెలిపే అంకె) 7 నుంచి 5కి ‘స్వల్పంగా’ తగ్గిందని ఈమధ్య ఒక పత్రికలో చదివాను. ఆ ‘స్వల్పంగా’ దగ్గరే ఆగిపోయాను. రెండు పాయింట్లే కదా అనిపిస్తుంది. కానీ ఆ నీటిలో ఆమ్లత్వం వంద రెట్లు పెరిగిందన్నమాట!

రాసినవారిని తప్పుపట్టను. ముప్పై ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. లాగ్ టేబుల్ తిరగేసి ఠక్కున జవాబు రాసే పిల్లలే, పీహెచ్ 4 ఉన్న ద్రావణంలో ఆమ్లత్వం 5 ఉన్నదానికంటే ఎంత ఎక్కువ అని అడిగితే బుర్ర గోక్కునేవారు. సంవర్గమానం (లాగరిథమ్) అనే మాట పక్కనపెట్టి, లక్షలు, కోట్లలో చెప్పాక దారిలో పడేవారు.

పీహెచ్ 7 ఉన్న నీరు కోటి లీటర్లు తీసుకుంటే, అందులోని హైడ్రోజన్ అయాన్లన్నీ, అంటే ఆమ్లత్వాన్ని ఇచ్చే కణాలన్నీ, కలిపి ఒక్క గ్రాము తూగుతాయి. పీహెచ్ 6 అయితే ఆ గ్రాము పది లక్షల లీటర్లలోనే దొరుకుతుంది. 5 అయితే లక్ష లీటర్లు చాలు. కోటికి ఏడు సున్నాలు, లక్షకు ఐదు. పీహెచ్ అంటే ఆ సున్నాల లెక్కే. ఇంత చిన్న గాఢతలను ప్రతిసారీ పొడుగ్గా రాసే బాధ లేకుండా 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ ఈ కొలత తెచ్చాడు. ఒక్క సున్నా ఎగిరిపోతే అయాన్లు పదింతలు. అంకె తగ్గితే ఆమ్లత్వం పెరగడం ఇందుకే.

దశాంశాలను కూడా తీసిపారేయకూడదు. రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.1కి పడిపోతే హైడ్రోజన్ అయాన్లు రెట్టింపైనట్టు. డాక్టర్లు ఊరికే కంగారుపడరు. పారిశ్రామిక విప్లవానికి ముందు సముద్రాల ఉపరితల పీహెచ్ సుమారు 8.2, ఇప్పుడు 8.1. ఆ 0.1 వెనక అయాన్ల పెరుగుదల పాతిక శాతం పైనే. అలాగని ‘సముద్రం యాసిడ్ అయిపోయింది’ అని హెడ్డింగ్ పెట్టడమూ తప్పే. 7కి పైన ఉంది కాబట్టి 8.1 ఇంకా క్షారమే, ఆమ్లం వైపు జరుగుతోందంతే.

ఇంకో పొరపాటు సగటు. ఒక నమూనా 5, ఇంకొకటి 7 వస్తే ‘సగటున 6’ అని రాసేస్తారు. ఆ రెండు నీళ్లనూ సమానంగా కలిపి చూడండి. ఒకదాంట్లో అయాన్లు వంద పాళ్లు, రెండోదాంట్లో ఒక పాలు. కలిపితే లీటరుకు సుమారు యాభై పాళ్లు. ఆమ్లాన్ని అడ్డుకునే లవణాలు నీటిలో లేకపోతే పీహెచ్ 5.3 దగ్గర నిలుస్తుంది, 6 రాదు. సగటు కట్టాల్సింది అయాన్లకు, పీహెచ్ అంకెలకు కాదు.

నేను కోరేది పెద్దదేమీ కాదు. పీహెచ్ అంకె వేసిన చోట ‘అంటే ఆమ్లత్వం ఇన్ని రెట్లు పెరిగింది’ అని ఒక్క ముక్క కలపండి. 0.3 తగ్గితే రెండు రెట్లు, 1 తగ్గితే పది, 2 తగ్గితే వంద. ఇవి గుర్తుంటే డెస్క్‌లో ఎవరికీ కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కెమిస్ట్రీ లెక్చరర్