ఆ గిలకలకి గ్రీజు పూయకండి

సంపాదకులు గారికి నమస్కారం.

మీ ఆటల పేజీలో హుస్సేన్‌సాగర్ సెయిలింగ్ పోటీల ఫొటోలు పడినప్పుడల్లా కత్తిరించి దాచుకుంటాను, ఎందుకంటే మా మనవరాలు కూడా అక్కడే ఐఎల్‌సీఏ 4 పడవ నడుపుతుంది, అంటే ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవ, కొంచెం పాతవాళ్ళు దాన్నే లేజర్ 4.7 అంటారు. ఎవరు గెలిచారు, ఏ స్టేట్ వాళ్ళు వచ్చారు అన్నీ బాగానే రాస్తున్నారు గానీ ఆ పడవలో తాడు ఆడే సామాను గురించి ఎవరూ రాయట్లేదండి. దానివల్ల మా పాపకి ఏమైందో చెప్తాను, మిగతా పిల్లల తల్లిదండ్రులకి పనికొస్తుందని.

నేను బస్ డిపోలో 30 ఏళ్ళు మెకానిక్‌గా చేశాను. ఏది పట్టేసినా ముందు నా చెయ్యి వెళ్ళేది గ్రీజు డబ్బా మీదకే. పోయిన ఏడాది జూన్‌లో పాప "తాతయ్యా, మెయిన్‌షీట్ బ్లాక్ టైట్‌గా తిరుగుతోంది" అంది. మెయిన్‌షీట్ అంటే తెరచాపని దగ్గరికి లాగే, వదిలే తాడు, బ్లాక్ అంటే మన బావి గిలక లాంటిదే, కాకపోతే అరచేతిలో పట్టేంత ఉంటుంది. నేను చూసి గ్రీజు దట్టంగా పెట్టేశాను, ఆ పక్కనే తాడుని పట్టి ఉంచే క్యామ్ క్లీట్లు ఉంటే వాటికీ పూశాను, స్క్రూలు కూడా బలం కొద్దీ బిగించాను. ఆ రోజు వెన్నలా తిరిగింది.

జులైలో గాలి ఎక్కువగా ఉన్న ఒక సాయంత్రం గట్టి గాలి దెబ్బ ఒకటి వచ్చింది, పాప చేతిలో తాడు వదిలేసింది, వదిలితే తెరచాప బయటికి వెళ్ళిపోయి గాలి జారిపోవాలి గదా, కానీ తాడు బ్లాక్‌లోనే ఇరుక్కుపోయింది, తెరచాప అలాగే బిగుసుకుని పడవ బోల్తా పడింది. లైఫ్ జాకెట్ ఉంది, సేఫ్టీ బోట్ వెంటనే వచ్చింది, పిల్లకి దెబ్బ తగల్లేదు. కానీ ఆ నీళ్ళు మింగి వచ్చి ఒడ్డున కూర్చుని వణుకుతుంటే నేను చూసింది ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఆ రాత్రి బ్లాక్ విప్పి చూశాను. లోపల నల్లటి ముద్ద. నేను పూసిన గ్రీజుకి సాగర్ బురద, సన్నటి ఇసుక, ఎవరివో వెంట్రుకలు అన్నీ అంటుకుని చక్రం తిరగడమే మానేసింది. చక్రం తిరగకపోతే తాడు దాని మీద రాసుకుంటూ పోతుంది, అలా రాసుకుని రాసుకుని పై తొడుగు నూగు లేచింది, ఆ నూగు పోగు ఒకటి చక్రానికీ పక్క రేకుకీ మధ్య ఇరుక్కుంది.

కోచ్‌కి చూపిస్తే ఆయన చెప్పిన మాట నాకు కొత్త. బస్సు బేరింగ్ ఇనుము, దానికి సీల్ ఉంటుంది, గ్రీజు బయటికి పోదు, దుమ్ము లోపలికి రాదు. ఈ బ్లాకుల్లో చాలావాటికి లోపల ప్లాస్టిక్ బాల్స్ ఉంటాయి (1960లలో అమెరికాలోని విస్కాన్సిన్‌లో పీటర్ హార్కెన్ అనే ఆయన మొదలుపెట్టాడట), అవి పొడిగా తిరగడానికే చేసినవి, రెండు పక్కలా తెరిచి ఉండేది కూడా నీళ్ళు పోసి కడగడానికే. పెద్ద పడవల్లో వించ్‌లు, అంటే తాడు చుట్టి లాగే డ్రమ్ములు ఉంటాయి, వాటి పళ్ళ చక్రాలకి గ్రీజు కావాలి, అక్కడ కూడా టిక్ టిక్ మనే చిన్న నాలుకలకి పల్చటి నూనె చుక్కే వెయ్యాలి, గ్రీజు పెడితే అవి అతుక్కుపోతాయి.

ఇప్పుడు నేను చేసేది ఇది. తాడు పట్టేస్తే ముందు తాడునే అనుమానించాలి, ఉబ్బిందా, నూగు లేచిందా, ఆ బ్లాక్‌కి మరీ లావా అని చూడాలి. తాడు తీసేసి చక్రాన్ని వేలితో తిప్పితే గరగరమంటే లోపల మురికి, ఖాళీగా బాగా తిరిగి బరువు పడ్డప్పుడే ఆగితే బాల్స్ అరిగినట్టు, అప్పుడు మార్చడమే. మురికైతే వేడినీళ్ళలో విమ్ లిక్విడ్ కలిపి అరగంట నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది, నీళ్ళలోనే తిప్పుతూ కడిగి, మంచినీళ్ళతో జాడించి నీడలో ఆరబెట్టాలి. ఆ తర్వాత కావాలంటే తడి అంటని డ్రై టెఫ్లాన్ స్ప్రే కొంచెం, అదీ క్లీట్ పళ్ళకి తగలకూడదు, తగిలితే తాడు జారిపోతుంది.

క్యామ్ క్లీట్‌కి రెండు దవడలు ఉంటాయి, రెండింటినీ వేలితో తెరిచి వదిలితే టక్కున మూసుకోవాలి. మా దాంట్లో ఒకటి నిద్రపోతున్నట్టు నెమ్మదిగా వచ్చేది, స్ప్రింగ్ పోయిందనుకున్నా, స్క్రూ సగం చుట్టు వదులు చేస్తే బాగైపోయింది! నేను అంత గట్టిగా బిగించడం వల్ల అడుగు వంగి దవడలు పట్టేశాయి. విప్పాల్సి వస్తే మాత్రం ట్రేలో గుడ్డ పరిచి విప్పండి, ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, లోపల సన్నటి బాల్స్ ఉంటే దొర్లిపోతాయి, ఎడమ దవడ కుడి పక్క పట్టదు. వైజాగ్‌లో సముద్రంలో నడిపే పిల్లలకైతే ఉప్పు ఆరి గడ్డకట్టకముందే, దిగిన రోజే కడగాలి.

నా విన్నపం రెండు ముక్కలు. ఒడ్డున పడవలు పెట్టే చోట మంచినీళ్ళ కుళాయి, ఒక పైపు ఉండాలి, చాలాచోట్ల పిల్లలు సాగర్ నీళ్ళతోనే పడవ కడిగేసి వెళ్ళిపోతున్నారు. రెండోది, పిల్లలకి తెరచాప కట్టడం నేర్పిన రోజే బ్లాక్ కడగడం కూడా నేర్పాలి. వచ్చే వర్షాకాలం హైదరాబాద్ సెయిలింగ్ వీక్ వార్తలు వేసేటప్పుడు పక్కన చిన్న బాక్స్‌లో ఈ కడిగే పద్ధతి వేయండి సార్, ఫొటోలు కావాలంటే మా పాప పడవ బ్లాక్ విప్పి నేనే చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ మెకానిక్, సికింద్రాబాద్